ప్రళయం తేదీలు, ధవళేశ్వరం హెచ్చరికలు

సభకు నమస్కారం.

"యుగాంతం వచ్చేస్తోందటండీ, నిజమేనా?" అని ఈ మధ్య నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పొద్దున్నే ఫోనులో ఏదో వీడియో చూసి, నిద్రపోతున్న పిల్లల వంక చూసి దిగులు పడిన తల్లులు, తండ్రులు. ఆ దిగులును నేను కొట్టిపారేయలేను. బిడ్డల మీద మమకారం ఉండబట్టే కదా ఆ భయం.

ఇలాంటి తేదీలు మన పెద్దలు చాలానే చూశారు. 1962 ఫిబ్రవరిలో మకరరాశిలో అష్టగ్రహ కూటమి అన్నారు. దేశమంతటా యజ్ఞాలు చేశారు. 1979లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని పల్లెల్లో కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారు, దాచుకున్నది ఖర్చుపెట్టేశారు. జూలై 11న అది హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలై రాలింది. 2012 డిసెంబరు సంగతి మీకు తెలిసిందే.

మన కోనసీమ నిజంగా అతలాకుతలమైంది 1996 నవంబరు 6న, తుపానుకు. ఆ తేదీ ఏ యుగాంతం జాబితాలోనూ లేదు. వెయ్యి మందికి పైగా పోయారు. వేటకెళ్లిన ఎన్నో బోట్లు తిరిగిరాలేదు. తరాల నాటి కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ఆ కష్టం పడ్డవాళ్లు ఈ సభలో ఉన్నారు, వాళ్లకు నేను చెప్పేదేముంది? ఒక్కటి మాత్రం అంటాను. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుందని తెలిసీ, వాళ్లు మళ్లీ నాటారు.

మనకు రోజూ పనికొచ్చే హెచ్చరిక వేరే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అది వినగానే ఏటి మధ్య లంకలో ఉండే మనిషికి ఏం చెయ్యాలో తెలుసు. బియ్యం అటకెక్కిస్తాడు, గొడ్లను ఏటిగట్టు మీదికి తోలతాడు, ముసలివాళ్లను ముందు పడవెక్కిస్తాడు. నీటి అంచున ఓ పుల్ల గుచ్చి, గంటకోసారి లాంతరు పట్టుకెళ్లి చూసుకుంటాడు, ఏరు లాగుతోందా, పెరుగుతోందా అని. భయం లేక కాదండీ. చేతికి పనుంటే మనసు అదుపులో ఉంటుంది. యుగాంతం కబురు మాత్రం ఏ పనీ చెప్పదు, నిద్ర చెడగొడుతుంది, అంతే.

కృతజ్ఞత అంటే దేవుడికి దణ్ణం పెట్టుకోవడం ఒక్కటే అనుకోను నేను. 1833 నాటి కరువులో ఈ నది పక్కనే ఉండి జనం తిండిలేక చచ్చిపోయారు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాన్ని కట్టించిన కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం, మంచిదే. రాళ్లు మోసిన కూలీల పేర్లు మాత్రం మనకు తెలియవు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చినవాళ్లకు కూడా అన్నం పెట్టారు. రేపు ఉంటుందో లేదో అని ఆవిడ బియ్యం దాచుకోలేదు.

మరి ఇప్పుడు బతికున్నవాళ్లకు? వరద రాత్రుల్లో గట్టుకు ఎక్కడ గండి పడుతుందోనని వానలో తడుస్తూ తిరిగే లస్కర్లూ (గట్టు కాపలా కాసేవాళ్లు), ఇసుక బస్తాలు మోసిన కుర్రాళ్లూ వెనక వరసలో కూర్చున్నారు. బాబూ, ముందుకు రండి. గట్టు దగ్గర ఏం చూడాలో, ఎవరికి కబురు చెయ్యాలో ఈ జనానికి మీరే చెప్పండి. మైకు మీకిస్తున్నాను.