మగ్గం మీది చీరను ఫోను ఎంతవరకు అమ్మిపెడుతుంది?

నమస్తే అండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ వల్ల చిన్న వ్యాపారికి నిజంగా అమ్మకాలు పెరుగుతాయా అని డాలస్‌లో మా స్నేహితురాళ్ళ మధ్య ఎప్పుడూ చర్చ నడుస్తూనే ఉంటుంది. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మేవాళ్ళు, ఊరి నుంచి చీరలు తెప్పించి అమ్మేవాళ్ళు, వారాంతాల్లో కేకులు చేసి ఇచ్చేవాళ్ళు మాలో చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరి అనుభవం ఒక్కో తీరు. నాకు బాగా తెలిసింది మా చిన్నమ్మ కొడుకు అనుభవం. సెలవులకు వాళ్ళ ఇంటికి వచ్చాను కాబట్టి ఈ వీడియో వాళ్ళ గుంట మగ్గం (నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి నేసే మగ్గం) పక్కనే కూర్చుని తీస్తున్నాను. వెనక నుంచి వినిపిస్తున్న చప్పుడు అదే, ఆపమని అడగలేదు.

ఊరు భూదాన్ పోచంపల్లికి పక్కనే. హైదరాబాద్ నుంచి విజయవాడ రహదారి మీద వచ్చి ఎడమకు తిరగాలి. 2016 అక్టోబరు దాకా ఇది నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. చిన్నమ్మ మాత్రం ఎవరడిగినా నల్గొండ అనే చెబుతుంది. 1951 ఏప్రిల్ 18న గాంధేయవాది వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి భూమి లేని పేదలకు వంద ఎకరాలు దానమిచ్చారు. ఊరి పేరులో భూదాన్ అలా చేరింది. ఇక్కడి ఇక్కత్ నేతకు, అంటే పోగులకు ముందే రంగులు వేసి నేసే నేతకు, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ప్రపంచంలోని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఇంత పేరున్న చోట చీర అమ్ముకోవడానికి ఇన్‌స్టాగ్రామ్ ఎందుకు అని నేను కూడా అనుకునేదాన్ని.

పేరు ఊరిది. చీర ఎవరిదన్నది వేరే సంగతి. ఇక్కడ చాలా ఇళ్ళలో నేసేది మజూరీకి, అంటే కూలికి. మాస్టర్ వీవర్ నూలో పట్టో ఇస్తాడు, రంగులిస్తాడు, డిజైను చెబుతాడు. ఇంటిల్లిపాదీ కష్టపడి నేసి ఇస్తే పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా ఒకసారి ఎక్కించే పోగులకు, ఇంత అని మజూరీ వస్తుంది. చీర షోరూములో ఎంతకు అమ్ముడైనా నేసిన ఇంటికి సంబంధం లేదు. అలాంటి ఇంట్లో అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోను ఉన్నా అమ్మడానికి తమదంటూ ఒక్క చీర ఉండదు. సామాజిక మాధ్యమాలతో నేతన్నల బతుకు మారిపోతుందని మాట్లాడేవాళ్ళు ఈ మొదటి మెట్టునే మరిచిపోతారు. ముందు సరుకు తనదై ఉండాలి, దానికి పెట్టుబడి కావాలి. ఫోను సంగతి ఆ తరువాతే.

మా తమ్ముడికి ఆ దారి కష్టకాలంలోనే దొరికింది. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డాయి, నేసిన చీరలు పేరుకుపోయాయి, మజూరీ పని ఆగింది. ‘నేతన్నకు చేయూత’ అని రాష్ట్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన పొదుపు పథకం ఉండేది. అందులో దాచుకున్న డబ్బును గడువుకు ముందే తీసుకునే వీలు అప్పుడు కల్పించారు. ఆ డబ్బుతో, చిన్నమ్మ చెవి కమ్మలు కుదువ పెట్టి తెచ్చిన మరికొంతతో పట్టు కొని, మొదటిసారి సొంతానికి ఒక పడుగు వేసుకున్నారు. అదే ఏడాది ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ అనే చిన్న వీడియోలు కూడా వచ్చాయి.

తమ్ముడు పెట్టిన మొదటి వీడియోల్లో ఆసు పోయడం గురించినది ఒకటి ఉంది. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పట్టు పోగును ముందుకు వెనక్కు తిప్పుతూ చుట్టడమే ఆసు. ఒక్క చీరకు చేతిని సుమారు 9,000 సార్లు ఆడించాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. మా చిన్నమ్మ కుడి భుజం అలాగే పోయింది. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి పడే బాధ చూడలేక ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇదిగో, ఈ మూల తిరుగుతున్నది ఆ యంత్రమే. చేతి ఆసును, యంత్రాన్ని పక్కపక్కనే చూపిస్తూ తమ్ముడు తీసిన ఆ వీడియోను వేలమంది చూశారు. ‘అద్భుతం’ అన్నారు, ‘కళ బతకాలి’ అన్నారు. ఒక్కరూ చీర కొనలేదు.

దానికి వాడు చాలా బాధపడ్డాడు. కానీ నాకు అందులో ఆశ్చర్యం కనిపించలేదు. చూసి మెచ్చుకునేవాళ్ళు వేరు, పది పన్నెండు వేలు పెట్టి పట్టుచీర కొనేవాళ్ళు వేరు. ముక్కూమొహం తెలియని మనిషికి అంత డబ్బు ముందుగా పంపాలంటే ఎవరికైనా చెయ్యి రాదు. తెలిసినవాళ్ళు ఒకరు ‘నేను కొన్నాను, బాగుంది’ అనాలి. పూర్వం ఆ మాట పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నడిచేది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తోంది. వాడి మొదటి చీర అమ్ముడైంది రీల్ వల్ల కాదు, నేను కట్టుకున్న చీర ఫొటో మా బతుకమ్మ గ్రూపులో చూసి ఒక అక్క ‘ఎక్కడిది’ అని అడగడం వల్ల.

ఇక అసలు చిక్కు చూడండి. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను. తమ్ముడి చేతిలో ఉన్నవి సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలు. సాగదీసి కట్టిన పోగుల మీద, గుర్తులు పెట్టిన చోటల్లా ఈ పట్టీ బిగించి చుడతాడు. రంగులో ముంచినప్పుడు కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు. విప్పి, మరోచోట కట్టి, మరో రంగులో ముంచుతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. అంటే చీర మీద కనిపించే పువ్వూ ఏనుగూ నేతకు ముందే పోగులో ఉన్నాయి. ఈ ఇంట్లో ఒక పడుగు మీద ఏడు చీరలు వరుసగా వస్తాయి. చిటికి నుంచి చివరి చీర దాకా నెలన్నర పడుతుంది.

అయితే ఫోనులో అడిగేవాళ్ళు అడిగే మొదటి మాట, ‘ఇదే డిజైను ఆకుపచ్చలో ఉందా?’ షోరూములో అడిగే అలవాటు కదా. ఆకుపచ్చ కావాలంటే మళ్ళీ చిటికి దగ్గర మొదలుపెట్టాలి. ‘అక్కా, ఒక్కరి కోసం పడుగు మార్చలేను, కాదంటే కోపం తెచ్చుకుంటున్నారు’ అని వాడు నాతో మొరపెట్టుకునేవాడు. వంద మంది కొత్తగా అడిగినా ఈ మగ్గం నెలకు ఇన్నే చీరలిస్తుంది. గిరాకీ రెట్టింపైందని మగ్గం రెండింతల వేగంతో ఆడదు.

ఇక్కడే మా కోలాటం బృందం పనికొచ్చింది. బతుకమ్మ వేదిక మీద ఆడేటప్పుడు మాకందరికీ ఒకే రంగు, ఒకే డిజైను చీర కావాలి. అంతకుముందు యంత్రాల మీద అచ్చువేసిన చీరలు కట్టుకునేవాళ్ళం, ఎందుకంటే ఒకేలాంటివి దొరికేవి అవే. ఒకే పడుగు మీద ఒకేలాంటి చీరలు వరుసగా రావడం షోరూము కొనుగోలుదారుకు ఇబ్బంది కావచ్చు, మాకు అదే వరం. చిటికి కట్టే దశలోనే తమ్ముడు డిజైను కాగితం మీద గీసి, రంగుల పట్టు కండెలు పక్కన పెట్టి ఫొటో పంపాడు. మాట కుదిరాక సగం డబ్బు ముందే ఇచ్చాం. ఆ సగంతోనే పట్టు కొన్నాడు, అప్పు చేయలేదు. ఆ తరువాత అట్లాంటా నుంచి ఒక బృందం, ఒక పెళ్ళివారి తోబుట్టువులు అలాగే అడిగారు.

అమ్మకాలు పెరిగాయా అని లెక్క అడిగితే, నేసే చీరల సంఖ్య పెద్దగా పెరగలేదు. కానీ ఒక్కో చీర మీద ఇంటికి మిగిలేది మజూరీ రోజులతో పోలిస్తే బాగా పెరిగింది. పండుగ ముందు నేసిన చీరను చేతిలో పట్టుకుని బేరం కోసం ఎదురుచూసే దిగులు తగ్గింది. కుదువ పెట్టిన కమ్మలు చిన్నమ్మ చెవులకు తిరిగి వచ్చాయి. నాకు సంబంధించినంతవరకు వ్యాపారం పెరిగిందనడానికి అదే గుర్తు.

నకిలీల బెడద గురించి కూడా చెప్పాలి. వీళ్ళు పెట్టిన ఫొటోలనే తీసుకుని, అవి చూపించి, అచ్చువేసిన చీరలు సగం ధరకు పంపినవాళ్ళున్నారు. కొన్నవాళ్ళు మోసపోయి పోచంపల్లినే తిట్టుకున్నారు. అప్పటినుంచి తమ్ముడు ఫొటోలు తగ్గించి వీడియోలు పెడుతున్నాడు. చీరను తిరగేసి చూపిస్తాడు. అసలు ఇక్కత్‌లో రంగు పోగులోనే ఉంటుంది కాబట్టి రెండు వైపులా డిజైను ఒకేలా కనిపిస్తుంది, బొమ్మల అంచుల దగ్గర కొద్దిగా చెదిరినట్టు ఉంటుంది. అచ్చులో వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. మీరు ఎవరి దగ్గర కొన్నా సరే, చీర వెనకవైపు చూపించమని అడగండి. చూపించడానికి నిజమైన నేతగాడు ఎప్పుడూ వెనుకాడడు.

ఈ వ్యాపారంలో ఎవరూ లెక్కలోకి తీసుకోని పని ఒకటుంది, అది మా మరదలిది, తమ్ముడి భార్యది. మాకు రాత్రి ఎనిమిదైతే ఇక్కడ ఉదయం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. డాలస్‌లో పిల్లలను పడుకోబెట్టి మేం తీరిగ్గా సందేశాలు పెట్టే వేళకు ఆమె వాకిలి ఊడ్చి, టిఫిన్ చేస్తూ, పిల్లలను బడికి తయారుచేస్తూ ఉంటుంది. ఆ సందులోనే జవాబు రాయాలి, ఫిల్టరు లేకుండా పొద్దుటి ఎండలో చీర పరిచి వీడియో తీయాలి, వాట్సాప్ బిజినెస్ కేటలాగులో అయిపోయినవి తీసేయాలి. స్టేటస్ 24 గంటల్లో పోతుంది కాబట్టి రోజూ కొత్తది పెట్టాలి. ఒకే సందేశం అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు, వాళ్ళలోనూ ఈమె నంబరు దాచుకున్నవాళ్ళకే సందేశం చేరుతుంది. అందుకే చీరతోపాటు పంపే చీటీలో ‘నంబరు సేవ్ చేసుకోండి వదినా’ అని చేత్తో రాస్తుంది. ఉచితంగా ప్రచారం అని మనం సులువుగా అంటాం. ఆమె పొద్దు అందులో పోతోంది. ఈ ఏడాది నుంచి చీరకు ఇంత అని తన పేరు మీద వేరే ఖాతాలో వేసుకుంటోంది. వినగానే చాలా సంతోషించాను.

అన్ని వ్యాపారాలకూ ఇదే లెక్క కాదు. వీధి చివర కిరాణా కొట్టు ఆయనకు వాట్సాప్ కొత్త గిరాకీ ఏమీ తేలేదు. ఊళ్ళోవాళ్ళే చీటీకి బదులు ఫోనులో జాబితా పంపుతున్నారు, అంతే. సంక్రాంతికి సకినాలు, అరిసెలు చేసి హైదరాబాద్‌కు పంపే పక్కింటి పెద్దమ్మకు మాత్రం మనవరాలు పెట్టే స్టేటస్సే దుకాణం. తినే సరుకు కాబట్టి కొన్నవాళ్ళే మళ్ళీ కొంటారు.

మాకు ఇప్పుడు ఎదురైన ఇబ్బంది వేరు. అమెరికాలో 800 డాలర్లలోపు పార్సెళ్ళకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. అంతకుముందు రోజుల్లో భారత తపాలా శాఖ కూడా అమెరికా పార్సెళ్ళను కొంతకాలం ఆపింది. సరిగ్గా బతుకమ్మ ముందు. చీరలు సిద్ధంగా ఉన్నాయి, డబ్బు చేరింది, దారి మూసుకుపోయింది. చివరికి సెలవుల నుంచి తిరిగి వస్తున్నవాళ్ళ పెట్టెల్లో సర్ది తెప్పించుకున్నాం. ఇప్పుడు సుంకం లెక్క కట్టి మరీ ధర చెబుతున్నారు. కొందరు వెనక్కు తగ్గారు కూడా.

వచ్చే బతుకమ్మకు మీ బృందానికి ఒకే డిజైను కావాలంటే ఉగాది దాటగానే మాట చెప్పండి. ఒక్కరే అయితే పడుగు పూర్తయ్యాక మిగిలిన చీరల్లో ఎంచుకోండి. రంగు మార్చమని మాత్రం అడగకండి. ఎందుకో ఇప్పుడు చూశారు కదా. రేపు గద్వాలకు వెళుతున్నాం. అక్కడి నూలు చీరకు పట్టు అంచు కలిపే నేత వేరు, కాబట్టి ఫోనులో అమ్మకం కూడా వేరేలా ఉంటుందేమో అక్కడివాళ్ళనే అడుగుతాను.