టికెట్ బస్సెక్కకముందే కొట్టిస్తే?

శ్రోతలందరికీ నమస్కారం. సిటీ బస్సులో టికెట్ తీసుకోవడం గురించి ఈరోజు కాసేపు మాట్లాడుకుందాం. ఇందులో మాట్లాడటానికి ఏముంది అని కొందరికి అనిపించొచ్చు. కానీ సాయంత్రం ఆరు గంటలకు సికింద్రాబాద్‌లో ఉప్పల్ వైపు వెళ్లే బస్సెక్కి, ఒక కాలు మీద నిలబడి, చేతిలో నోటు పట్టుకుని కండక్టర్ ఎక్కడున్నారా అని మెడ సాచి వెతికినవాళ్లకు ఇది చిన్న విషయం కాదని తెలుసు.

ఆ రద్దీలో జరిగేది ఒకసారి గమనించండి. వెనక డోర్ దగ్గర ఫుట్‌బోర్డు మీదున్న కుర్రాడు "అన్నా, ఒకటి తార్నాక" అని ఇరవై నోటు ముందున్నాయన చేతిలో పెడతాడు. ఆ నోటు నాలుగైదు చేతులు మారి కండక్టరమ్మ దగ్గరికి చేరుతుంది, నోటుతో పాటే తార్నాక అన్న మాటా చేరుతుంది, కాసేపటికి టికెట్టూ, మిగిలిన చిల్లరా అవే చేతుల మీదుగా వెనక్కి వస్తాయి. ఎవరు పంపారో ఎవరూ అడగరు. ఆ చేతుల మధ్య ఒక్క రూపాయి తగ్గిందన్న గొడవ నేనైతే ఎప్పుడూ వినలేదు. మన జనం మీద నాకు ఎంతో గౌరవం కలిగించే విషయాల్లో ఇదొకటి.

కానీ దీనికి టైం పడుతుంది. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర్నుంచి ఇంకా ఎక్కువ పడుతోంది. ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ బస్సుల్లోనూ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ టికెట్ ఖర్చు లేదు. ఇళ్లలో పని చేసుకునే అమ్మలకు, షాపుల్లో పనిచేసే ఆడపిల్లలకు నెలనెలా ఆ డబ్బులు మిగలడం ఎంత పెద్ద మేలో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పేరుతో ఇదే సదుపాయం వచ్చింది. అయితే ఉచితమైనా టికెట్ కొట్టాల్సిందే. దాన్నే జీరో టికెట్ అంటున్నాం. కండక్టర్ ఆధార్ కార్డు చూడాలి, ఎక్కడ దిగుతారో అడగాలి, మెషీన్‌లో నొక్కాలి, కాగితం చింపి ఇవ్వాలి. ముందు డోర్లో ఒక్క స్టాపులోనే ముప్పై మంది ఎక్కితే ముప్పై సార్లు ఇదంతా చేయాలి.

"ఫ్రీయే కదా, టికెట్ ఎందుకమ్మా" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ టికెట్ల లెక్కను బట్టే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు చెల్లిస్తుందండి. మీరు టికెట్ తీసుకోకపోతే ఆ ప్రయాణం లెక్కలోకే రాదు, సంస్థకు రావాల్సింది రాదు. పైగా చెకింగ్ వాళ్లు ఎక్కితే మీకు 500 రూపాయల జరిమానా పడొచ్చు, కండక్టర్ ఉద్యోగానికే ముప్పు రావచ్చు. దయచేసి అడిగి మరీ తీసుకోండి.

మెషీన్లు రాకముందు కండక్టర్ చేతిలో రంగురంగుల టికెట్ల కట్టలు ఉండేవి, పంచ్ ఉండేది, స్టేజీ దగ్గర ఎస్సార్, అంటే టికెట్ల లెక్క కాగితం, రాసేదాకా బస్సు పక్కకు ఆపి ఉంచేవాళ్లు. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మెషీన్ వచ్చాక రాత తగ్గింది కానీ, జనంలోంచి దూరుకుంటూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లే కష్టం అలాగే ఉంది.

మరి వేరే ఊళ్లలో ఏం చేశారు? లండన్‌లో 2014 జూలై నుంచి బస్సుల్లో నగదు తీసుకోవడమే మానేశారు. ముందు డోర్లో ఎక్కి కార్డు తాకించి లోపలికి వెళ్లాలి. మన దగ్గర ఆ పద్ధతి పెడతామంటే నేను ఒప్పుకోను. అడ్డా మీద కూలీకి నిలబడే మనిషికీ, తెల్లారకముందే మార్కెట్‌కు బయల్దేరే కూరగాయల అమ్మకూ జేబులో ఉండేది నోటూ చిల్లరే, వాళ్లను దించేసి నడిచే బస్సు మనకొద్దు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 2012 నుంచి ఏ డోర్లోంచైనా ఎక్కనిస్తున్నారు, టికెట్ ఉందో లేదో తనిఖీవాళ్లు తర్వాత చూసుకుంటారు. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం బ్రెజిల్‌లోని కురిచీబా పద్ధతి. అక్కడ 1991లోనే రోడ్డు పక్కన గాజు గొట్టాల్లాంటి స్టాపులు కట్టారు. డబ్బులు అక్కడే కట్టేసి లోపల నిలబడతారు, బస్సు వచ్చి తలుపులు తెరవగానే అందరూ ఒకేసారి ఎక్కేస్తారు. బస్సులో టికెట్ గోలే ఉండదు.

మనం గొట్టాలు కట్టక్కర్లేదు. ఆర్టీసీలో గ్రౌండ్ బుకింగ్ అని ఎప్పట్నుంచో ఉంది, కొన్ని నాన్‌స్టాప్ బస్సులకు బస్టాండులోనే టికెట్లు ఇచ్చేస్తారు. నేను అడిగేదల్లా, అదే పనిని సిటీలో కోఠి, మెహిదీపట్నం, సికింద్రాబాద్, దిల్‌సుఖ్‌నగర్ లాంటి పెద్ద స్టాపుల్లో రద్దీ వేళ చేయమని. ఒక్కో చోట ఇద్దరు మనుషులు, రెండు మెషీన్లు చాలు. నోటు ఇచ్చేవాళ్లు నోటు ఇస్తారు, ఫోన్‌తో కట్టేవాళ్లు స్కాన్ చేస్తారు, ఆధార్ చూపించేవాళ్లు చూపిస్తారు. బస్సొచ్చేసరికి సగం మంది చేతిలో టికెట్ ఉంటుంది. బస్సులో కండక్టర్ ఉండాల్సిందే, దారిలో ఎక్కేవాళ్లకు టికెట్ కొట్టాలి, ముసలివాళ్లకు చోటిప్పించాలి, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను లోపలికి రమ్మనాలి. ఇప్పుడు వాటికి తీరికే లేదు.

ఇందులో ఒక చిక్కుంది. టికెట్ తీసుకున్నాక బస్సు రాకపోతే జనం విసుగెత్తి షేర్ ఆటో ఎక్కేస్తారు, ఎక్కని ప్రయాణానికి జీరో టికెట్ లెక్క పడుతుంది. అందుకే బస్సు దగ్గరికొచ్చాకే టికెట్ కొట్టడం మొదలుపెట్టాలి. బస్సు ఎక్కడుందో చూసుకునే గమ్యం యాప్ 2023 నుంచే ఉంది కదా, ఆ సంగతి స్టాపులో నిలబడ్డ ఉద్యోగికి తెలియదా? ఆర్డినరీ టికెట్‌తో మెట్రో ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లు కొందరు ఉంటారు, వాళ్ల తేడా డబ్బు బస్సులో కండక్టర్ తీసుకోవచ్చు.

ఇది వింటున్న డిపో మేనేజర్లు ఎవరైనా ఉంటే, అయ్యా, అమ్మా, ఒక్క స్టాపులో ఒక్క నెల పెట్టి చూడండి. సికింద్రాబాద్ నుంచే మొదలుపెట్టండి. పెట్టకముందు బస్సు అక్కడ ఎన్ని నిమిషాలు ఆగుతోంది, పెట్టాక ఎన్ని నిమిషాలు ఆగింది, ఆ రెండు లెక్కలూ స్టాపులోనే బోర్డు మీద రాసి పెట్టండి. వరుసలో నిలబడటానికి మేం సిద్ధం. ఉంటానండి, నమస్కారం.