బిల్లు అడగకముందే ఇచ్చిన కుర్రవాడు

(ఒంగోలులో జాతీయ వినియోగదారుల దినోత్సవ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వర్తక సంఘం ప్రతినిధులకు, తోటి పెన్షనర్లకు, వెనుక వరుసలో టీ కోసం చూస్తున్నవారికి కూడా నమస్కారం.

నన్ను చట్టం గురించి మాట్లాడమన్నారు. పాత వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 1986 డిసెంబరు 24న వచ్చింది. అందుకే ఈ రోజు సభ. కొత్తది 2019 నాటిది, 2020 జూలై 20న అమల్లోకి వచ్చింది. సెక్షన్లన్నీ రాసుకొచ్చాను గానీ, ముందు నెల్లూరు సంగతి చెప్పనివ్వండి.

రొట్టెల పండుగకు నేనూ మా ఆవిడా వెళ్లాం. స్వర్ణాల చెరువు మీకు కొత్త కాదు. కోరిక తీరినవారు నీళ్లలో దిగి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు. మా ఆవిడ మనవడి కోసం ఉద్యోగ రొట్టె వెతుకుతూ జనంలో కలిసిపోయింది. (వాడు పరీక్షలకు చదివితే ఈ రొట్టె అవసరమే ఉండదు, అది వేరే మాట.) ఫోన్ చేద్దామంటే నాది చచ్చి ఊరుకుంది. రాత్రంతా లాడ్జిలో పెట్టినా ఛార్జింగ్ ఎక్కలేదు.

రోడ్డు మీద చిన్న ఎలక్ట్రానిక్స్ కొట్టు కనబడింది. "కొత్త ఛార్జర్ ఇవ్వు బాబూ" అన్నాను. ఆ కుర్రవాడు తన ఫోన్ నా చేతిలో పెట్టి, "ముందు అమ్మగారికి చేయండి సార్" అన్నాడు. ఈలోగా నా ఛార్జర్‌కు తన కేబుల్ తగిలించాడు. ఫోన్ వెలిగింది. నా కేబుల్ మెడ దగ్గర తొడుగు చిట్లి రాగి తీగ కనిపిస్తోంది. "ఛార్జర్ బాగుంది సార్, కొనకండి. కేబుల్ చాలు." ఛార్జర్ మీద 'ఆర్' అక్షరం, పక్కన 8 అంకెలు ఉన్న నమోదు సంఖ్య చూపించి, భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, తయారీదారు పేరు తీశాడు.

గంట కొట్టకండి అధ్యక్షా, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది. నేను అడగకముందే బిల్లు రాశాడు! తేదీ వేశాడు, ముద్ర కొట్టాడు. "ఒంగోలా సార్? నెలలోపు పాడైతే ఫోన్ చేయండి, బస్సు పార్శిల్లో ఇంకొకటి పంపిస్తాను."

మన ఊళ్లో ఒక కొట్టు ఉంది. పేరు చెప్పను. బిల్లు అడిగితే, "కావాలంటే జీఎస్టీ పడుతుంది మాస్టారూ" అన్నాడు. ముద్రించిన గరిష్ఠ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కదా నాయనా! బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడకు అంటించినంత మాత్రాన చట్టం మారదు. ఇలాంటివి ఎదురైతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయండి. ఆ నంబరు ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. అయ్యో, ఇంతేనా?

నెల్లూరు కుర్రవాడు ఈ సెక్షన్లు చదివాడో లేదో నాకు తెలియదు. బిల్లు మాత్రం అడగకముందే ఇచ్చాడు. వర్తక సంఘం వారు వేదిక మీదే ఉన్నారు. అయ్యా, రేపటి నుంచి ఒంగోలులో అడగకముందే బిల్లు ఇప్పిస్తారా? తల ఊపితే చాలదు. ఇదిగో మైకు, అందరికీ వినబడేలా చెప్పండి.