పైసా కట్టకుండా పాఠం: మన పల్లె పిల్లలకు అందేదెట్లా?

మహబూబ్‌నగర్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. పాల్గొన్నవారు: దేవరకొండ వైపు సర్కారు హైస్కూల్లో పనిచేసే ఫిజికల్ సైన్స్ టీచర్, ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్, అచ్చంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక తల్లి.

యాంకర్: అందరికీ నమస్కారం. ఫోన్ తెరిస్తే ఉచిత పాఠాలకు కొదవ లేదు. అయినా చదువు యాప్‌ల కోసం అప్పులు చేస్తూనే ఉన్నాం. అమ్మా, మీతోనే మొదలుపెడదాం.

తల్లి: మా పెద్దబిడ్డ ఇంటర్, చిన్నోడు తొమ్మిదో తరగతి. బిడ్డ పదో తరగతిలో ఉన్నప్పుడు ఒకాయన ఇంటికొచ్చి ట్యాబ్ చూపించాడు. నెలనెలా కిస్తీ కడితే చాలన్నాడు. పత్తి అమ్మిన పైసల్లోంచి కట్టాం. అందులో మాటలన్నీ ఇంగ్లీషే, నా బిడ్డది తెలుగు మీడియం. మూడు నెలలు చూసి బీరువా మీద పెట్టింది. కిస్తీలు మాత్రం ఏడాది పొడుగునా కట్టాం సార్. ఇవే పాఠాలు ఊరికే దొరుకుతాయని అప్పుడు ఒక్కరు చెప్పలేదు.

టీచర్: చెప్పాల్సింది మేమేనమ్మా. మా బడి పుస్తకంలోనే పాఠం పక్కన నలుపు తెలుపు గళ్ల డబ్బా ఉంటుంది, క్యూఆర్ కోడ్. ఫోన్‌తో స్కాన్ చేస్తే దీక్ష అనే సర్కారు చదువు యాప్‌లో ఆ పాఠం తెరుచుకుంటుంది. 2017 నుంచి ఉందది. టీవీలో మన సర్కారు వాళ్ల టీశాట్ చానళ్లు రెండున్నాయి: బడి పాఠాలకు విద్య, ఉద్యోగ పరీక్షలకు నిపుణ. తెలుగులో చెప్తారు, యూట్యూబ్‌లో కూడా ఉంటాయి. ఇవన్నీ ఉన్నా, ఫలానా రోజు ఫలానా పాఠం చూడు అని పిల్లకు చెప్పే మనిషి లేడు. అసలు లోటు అక్కడుంది.

లైబ్రేరియన్: కాదనను. కానీ ముందు ఏమేమి ఉన్నాయో తెలియాలి కదా సార్. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్ మొదలుపెట్టాయి. ఇప్పుడు అందులో ఇంజనీరింగ్ ఒక్కటే కాదు, ఎకనామిక్స్, సైకాలజీ కూడా ఉన్నాయి. కేంద్ర సర్కారు ఆన్‌లైన్ కోర్సుల సైట్ స్వయంలో కూడా పాఠం వినడానికి పైసా అక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి, సెంటర్‌కు పోయి పరీక్ష రాయాలి. ఈ తేడా తెలియక ఎంతమంది పిల్లలు మొదట్లోనే వెనక్కి తగ్గుతారో! ఆర్ట్స్ పిల్లలైతే ఇవన్నీ సైన్స్ వాళ్లకే అనుకుంటారు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో చరిత్ర పుస్తకాలు వెతుక్కోవచ్చు. తెలుగు మాట అర్థం కాకపోతే ఆంధ్రభారతి అనే సైట్‌లో పాత నిఘంటువులన్నీ ఒకేచోట చూసుకోవచ్చు.

యాంకర్: మరి మీ కాలేజీ పిల్లలు వాడుతున్నారా?

లైబ్రేరియన్: మొదట వాడలేదండీ. ఇరవై సైట్ల పేర్లు చార్టు మీద రాసి గోడకు అంటించాను. ఆ ఏడాది ఎవరూ దాని ముందు ఆగలేదు. తర్వాత చార్టు తీసేసి, ఒక బల్ల, ఒక కంప్యూటర్, సాయంత్రం నాలుగు నుంచి ఐదు అని పెట్టాను. రోజుకు ఒక్కటే పాఠం. పక్కన నేను కూర్చుంటా. సాఫ్ట్‌వేర్ వాడకం నేర్పే ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌తో మొదలుపెట్టాం. పది నిమిషాల పాఠం, తెలుగు గొంతు. స్క్రీన్‌లో సగం వీడియో, సగం సాఫ్ట్‌వేర్. వీడియో ఆపి, వాళ్లు చేసింది మనమూ చేయాలి. ఊరికే చూస్తే రాదు.

టీచర్: సరిగ్గా అదే. మా బడిలో జరిగింది చెప్తా. ఫెట్ అని సైన్స్ ప్రయోగాల సైట్ ఉంది. నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టారు. అందులో బ్యాటరీ, బల్బు, వైర్లు వేలితో లాగి కలపాలి. సరిగ్గా కలిపితే బల్బు వెలుగుతుంది, వైర్లలో నీలం చుక్కలు కదులుతాయి, అవే ఎలక్ట్రాన్లు. ఒక అమ్మాయి బల్బు పెట్టకుండా వైరును బ్యాటరీ రెండు కొసలకూ కలిపింది. స్క్రీన్ మీద బ్యాటరీకి మంట అంటుకుంది! ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకుంది. కాసేపు చూసి, ‘సార్, అడ్డం ఏమీ లేకపోయేసరికి కరెంటంతా ఒక్కసారే ఉరికింది’ అన్నది. షార్ట్ సర్క్యూట్‌కు అంతకంటే మంచి మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

యాంకర్: ఇంగ్లీషు సంగతేంటి సార్? అమ్మ చెప్పిన బాధ కూడా అదే.

టీచర్: ముందు తెలుగులో వినాలి, తర్వాత ఇంగ్లీషుకు పోవాలి. 2022-23లో మన సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు అచ్చేశారు. ఇంటర్ పిల్లలైనా ఆ పుస్తకాలు దగ్గర పెట్టుకుంటే మాటలు పట్టుబడతాయి. వీడియో వేగం 0.75కు తగ్గించుకోవాలి. ఇంకొకటి, మనకు సంబంధించిన పాఠం ఎంచుకోవాలి. నీటి శుద్ధి మీద ఒక ఇంగ్లీషు లెక్చర్ పెట్టాను. పిల్లలు దిక్కులు చూస్తున్నారు. మధ్యలో ‘నల్గొండ టెక్నిక్’ అని వినపడింది. క్లాసంతా నిటారుగా కూర్చుంది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి అది. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించింది, మా నల్గొండ జిల్లా పేరు పెట్టారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు ఏమవుతాయో మా పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు, తాతలను చూసి పెరిగారు. ఆ ముక్క నాలుగుసార్లు వేయించుకున్నారు. ప్రెసిపిటేట్, అంటే నీళ్లలో కరగకుండా విడిపోయే పదార్థం, ఆ మాటకు అర్థమేంటని వాళ్లే అడిగారు.

తల్లి: సార్, మాది నల్లమల అంచు. ఇంట్లో సిగ్నల్ రాదు, మిద్దె ఎక్కాలి. మరి మాకెట్లా?

టీచర్: ఆ బల్బు ప్రయోగం ఒక్కసారి దించుకుంటే చాలమ్మా, తర్వాత నెట్ అక్కర్లేదు. మీ లైబ్రరీ కంప్యూటర్‌లో కూడా పెట్టుకోవచ్చు మేడమ్, పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను.

లైబ్రేరియన్: ఇవ్వండి సార్. రేపు నాలుగింటికి అదే వేస్తా.

తల్లి: ముందు నా ఫోన్‌లో ఎక్కించండి సార్. ఆఖరి బస్సుకు పోవాలి, రాత్రికి చిన్నోడికి చూపిస్తా.