చంపిందెవరో తెలిశాక

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభకు నమస్కారం. ఇచ్చిన సమయం తక్కువ గనుక మర్యాదలు ఇంతటితో ముగిస్తున్నాను.

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను అద్దె పుస్తకాల షాపుల నుంచి తెచ్చుకుని చదివిన తరం మాది. ఆ అలవాటుతోనే ఒక బహుమతి ఎంపిక సంఘంలో నేర పరిశోధన నవలనొకదాన్ని ప్రతిపాదించాను. "అది డిటెక్టివ్ నవల కదండీ" అంటూ, అలాంటివి సాహిత్యమే కాదన్నట్టు, ఒక్క పేజీ అయినా తిప్పకుండా పక్కన పెట్టేశారు. ఆనాడు గొంతులో ఆగిపోయిన జవాబు ఇప్పుడు చెబుతాను.

ఇటలీలోని సిసిలీ ద్వీపంలో బడిపంతులుగా పనిచేసిన లియొనార్డో షాషా 1961లో 'గుడ్లగూబ పగలు' అనే చిన్న నవల ప్రచురించారు. తెల్లవారుజామున కదలబోతున్న బస్సు ఎక్కడానికి పరుగున వచ్చిన ఒక కాంట్రాక్టరును ఎవరో కాల్చి చంపుతారు. పోలీసులు తేరుకునేలోగా ప్రయాణికులు ఒక్కొక్కరే దిగి జారుకుంటారు. బస్సులో ఎవరెవరున్నారో డ్రైవరుకూ గుర్తులేదు, కండక్టరుకూ గుర్తులేదు. ఆ బస్సు పక్కనే శనగపిండి వంటకం అమ్ముకుంటున్నవాణ్ణి పట్టుకొచ్చి గద్దిస్తే, వాడు వింతగా చూసి, "ఏం, తుపాకీ పేల్చారా?" అంటాడు. అయ్యా, ఆ ఊరి భయాన్ని వర్ణించడానికి ఇంకో వాక్యం అవసరమా?

ఇటలీ ఉత్తరాది నుంచి వచ్చిన పోలీసు అధికారి కెప్టెన్ బెల్లోది హంతకుణ్ణీ, వాడి వెనకున్న మాఫియా పెద్దమనిషినీ పట్టుకుంటాడు. మామూలు నవల అక్కడితో ముగిసేది. ఇక్కడ మాత్రం ఆయన సెలవులో ఉండగా, పరువుగల పౌరులు కొందరు హంతకుడు ఆ వేళ వేరేచోట ఉన్నాడని సాక్ష్యం చెబుతారు; కేసు కూలిపోతుంది. చిక్కుముడి వీడినా న్యాయం జరగనప్పుడు, 'ఎవరు చంపారు' అనే ప్రశ్న 'ఎవరెవరు నోరు మూసుకున్నారు' అనే ప్రశ్నగా మారుతుంది. సాహిత్యం చేయవలసిన పని ఇది కాకపోతే మరేది? పైగా, పరువునష్టం వంటి అభియోగాలకు తావివ్వకుండా ఈ నవలను కుదించడానికే తనకు ఏడాది పట్టిందని షాషా చివరి మాటలో రాసుకున్నారు. వినోదం కోసం రాసేవాడికి అంత జాగ్రత్తతో పనేముంది?

ఈ సభలో రాసే యువకులుంటే వారికొక విన్నపం. సాక్షులు అడ్డం తిరిగారన్న వార్త మన పత్రికలకు కొత్త కాదు. ఒక పూట జిల్లా కోర్టులో కూర్చుని, పోలీసులకు తానేమీ చెప్పలేదంటున్న సాక్షి ముఖం చూడండి. ముందురోజు రాత్రి అతని ఇంటికి ఎవరు వచ్చి వెళ్లారో, వారు వెళ్లాక అతని భార్య ఏమందో రాయండి.