పువ్వు కమ్మలు కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

(తెర మీద: ఉంగరం పెట్టుకున్న చెయ్యి. కెమెరా మెల్లగా దగ్గరికి వస్తుంది.)

నమస్తే అండీ. ముందు ఈ ఉంగరం చూడండి. నడుమ ఒక ఎర్ర రాయి, చుట్టూ ఆరు. ముచ్చటగా ఉంది కదా? ఇది ఉంగరంగా పుట్టలేదు. మొన్నమొన్నటి దాకా నా ఎడమ చెవి కమ్మ. కుడి చెవిది ఆటోలో రాలిందో, మెట్రో మెట్ల మీద రాలిందో, పెళ్లిలో బిర్యానీ దగ్గర తోపులాటలో రాలిందో ఇప్పటికీ తెలీదు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ఒక చెవి బోసిగా ఉంది.

ఒంటి కమ్మ ఏం చేసుకుంటాం? సికింద్రాబాద్ పాట్ మార్కెట్ దగ్గర మా అమ్మకు తెలిసిన అవుసులాయన, అదే కంసాలి, ఉన్నాడు, ఆయన దగ్గరికి పట్టుకుపోయా. ఆయన కమ్మ ముందు వైపు చూడనే లేదు. వెనక్కి తిప్పి, చెవి రంధ్రంలోకి దూరే కాడను గోటితో గీరి, "కొనేటప్పుడు పువ్వు చూసినవ్ బిడ్డా, కాడ చూసినవా?" అన్నాడు.

చూడలేదు. ఎవరు చూస్తారండీ! షాపులో అద్దం మన మొహం ముందు పెడతారు గానీ చెవి వెనక పెట్టరు కదా.

అందుకే ఈ వీడియో. పువ్వు ఆకారంలో ఉండే కమ్మలు ఎలా ఎంచుకోవాలి, ఎలా పెట్టుకోవాలి అన్నది, ఈసారి వెనక నుంచి మొదలుపెడదాం.

(తెర మీద: బల్ల మీద ఒక తాటాకు, రకరకాల కమ్మలు.)

దానికంటే ముందు పేరు సంగతి ఒక్క నిమిషం. మా అమ్మమ్మ గెంటీలు అనేది. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు దుద్దులంటారు. నేను కమ్మలంటాను. ఇంట్లో ఒకే నగకు మూడు పేర్లు, మూడూ సరైనవే. కమ్మ అంటే తెలుగులో తాటాకు అని కూడా అర్థం. ఆకును చుట్టగా చుట్టి చెవి రంధ్రంలో పెట్టుకునే రోజుల నుంచి వచ్చిన మాట అది. అంటే మొదట ఆకు, తర్వాత పువ్వు. చెట్టు పెరిగినట్టే పెరిగింది మన నగ కూడా.

(తెర మీద: ఒకే రకం రూపాయి నాణేలు ఏడు.)

ఇప్పుడు ఒక చిన్న ఆట. ఒకే సైజు రూపాయి బిళ్లలు ఏడు తీసుకోండి. ఒకటి నడుమ పెట్టి, మిగతావి చుట్టూ పేర్చండి. ఆరు పడతాయి. సరిగ్గా ఆరే. ఒకదానికొకటి తగులుతూ, మధ్యలో సందు లేకుండా. అయిదు పెడితే ఖాళీ మిగులుతుంది, ఏడోది దూర్చాలంటే దూరదు. మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఏడు రాళ్ల కమ్మ వెనకున్న లెక్క ఇదే. రాళ్లన్నీ ఒకే కొలతవి అయితే పువ్వు తనంతట తానే కుదురుతుంది. చుట్టూ ఎనిమిది, తొమ్మిది రావాలంటే నడిమి రాయి పెద్దది పెట్టాలి. ఏడు రాళ్ల కమ్మలు కొనేటప్పుడు రాళ్ల మధ్య సందులు సమానంగా ఉన్నాయా అని చూడండి. ఒకచోట ఇరుకు, ఒకచోట వెడల్పు కనిపిస్తే రాళ్లు ఏరడంలో తొందరపడ్డారని అర్థం.

ఈ పువ్వు గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఎటు తిరిగినా ఫర్వాలేదు అనుకుంటాం. కానీ తిరుగుతుంది. ఒక చెవిలో రాయి నెత్తిన నిలబడి, రెండో చెవిలో రెండు రాళ్ల మధ్య సందు పైకి వచ్చిందంటే, చూసేవాళ్లకు ఏదో తేడా అనిపిస్తుంది, ఏమిటో చెప్పలేరు. సీల బిగించేటప్పుడు ముందు వైపు పువ్వును రెండు వేళ్లతో పట్టుకుని, వెనక సీల మాత్రమే తిప్పండి. పువ్వు కదలదు.

తంగేడు, నందివర్ధనం లాంటి అయిదు రేకుల పువ్వులతో మరో చిక్కు ఉంది. ఒక రేకు పైకి ఉంటే పువ్వు, కిందికి ఉంటే తలకిందులైన పువ్వు. పైగా నందివర్ధనం రేకులు గాలిపంకాలాగా ఒకవైపుకే మెలి తిరిగి ఉంటాయి. మంచి పనివాడు కుడి చెవికి ఒక మెలి, ఎడమ చెవికి దానికి ఎదురు మెలి ఇస్తాడు. అచ్చు పోసిన చౌక రకంలో రెండూ ఒకేలా ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

(తెర మీద: కమ్మను వెనక్కి తిప్పుతున్న వేళ్లు, బాగా దగ్గరగా.)

ఇక కాడ. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే నా కమ్మ పోయింది ఇక్కడే.

పువ్వు బరువంతా చెవికి ముందు ఉంటుంది. వెనక ఉన్నది గోరంత సీల. అందుకే పెద్ద పువ్వు పెట్టుకుంటే కాసేపటికే తల వంచి నేల చూస్తుంది. పై రేకులు ముందుకు వచ్చేస్తాయి, కింది రేకులు మెడ వైపు పోతాయి. ఫొటోలో పువ్వు బదులు పువ్వు అంచు పడుతుంది. దీనికి మందు కాడ ఎక్కడ అతికారన్న దాంట్లో ఉంది. నట్టనడుమ కాకుండా కాస్త పైకి అతికితే, కింది రేకులు చెవి తమ్మెకు ఆనుకుంటాయి. ఆ ఆనిక వల్ల పువ్వు నిలబడుతుంది. వెనక సీల బిళ్ల వెడల్పుగా ఉంటే ఇంకా మంచిది, తమ్మెను వెనక నుంచి అదిమి పడుతుంది. బంగారు పళ్లేనికైనా గోడ చేర్పు కావాలంటారు కదా, ఇదే ఆ చేర్పు.

తర్వాత కాడ లావు. షాపులో సౌత్ స్క్రూ, బాంబే స్క్రూ అనే మాటలు వినే ఉంటారు. సౌత్ స్క్రూ కాడ లావు, బాంబే స్క్రూది సన్నం. చిన్న పువ్వుకు సన్న కాడ చాలు. బరువైన పువ్వుకు సన్న కాడ పెట్టారంటే, అది తీగలాగా తమ్మెను కోస్తూ పోతుంది. అలాగని చెవి రంధ్రం చిన్నగా ఉన్నవాళ్లు లావు కాడను బలవంతంగా తోయకండి, వాచిపోతుంది. అమ్మేవాళ్లను అడగండి, కాడ మార్చి ఇస్తారు.

కాడ మీది మరలు, అంటే సీల తిరిగే గాట్లు కూడా చూడాలి. 22 క్యారెట్లంటే నూటికి 91.6 పాళ్లు బంగారం. మెత్తని లోహం. రోజూ తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తే మరలు అరిగిపోతాయి. నావి అరిగాయి. సీల బిగుస్తున్నట్టే ఉండేది, వేలు తీయగానే జారేది. నేను పట్టించుకోలేదు. కొత్త కమ్మలైనా సీల ఎక్కించేటప్పుడు కనీసం మూడు నాలుగు చుట్లు గట్టిగా తిరగాలి. ఒక్క చుట్టులో కూర్చుందంటే అనుమానించండి. పాతవైతే అవుసులాయనకు చూపిస్తే కొత్త సీల వేసి ఇస్తాడు. కొత్త కమ్మ కొనడం కన్నా ఎంతో చౌక.

షాపులో కమ్మలు పెట్టుకోగానే అద్దంలో ఎదురుగా చూసి మురిసిపోకండి. పక్కకు తిరగండి. తల అటూ ఇటూ ఊపండి. కిందికి వంగి లేవండి, చెప్పులు తొడుక్కున్నట్టు. అప్పుడు కూడా పువ్వు ఎదురుగానే చూస్తుంటే తీసుకోండి. సేల్స్ అమ్మాయి నవ్వితే నవ్వనివ్వండి.

(తెర మీద: చార్మినార్ వీధి, ముత్యాల దుకాణాల అద్దాలు.)

ఇక మన పాతబస్తీ పద్ధతి ఒకటి చెప్పాలి. పత్తర్‌గట్టి వైపు ముత్యాల షాపుల్లో కరన్‌ఫూల్ అని అడగండి. కర్ణం అంటే చెవి, ఫూల్ అంటే పువ్వు. తమ్మె మొత్తం కప్పే పెద్ద పువ్వు, దాని కింద వేలాడే బుట్ట, ఆపైన చెవి మీదుగా జుట్టులోకి పోయే ముత్యాల పేట. ఆ పేటను సహారా అంటారు. సహారా అంటే ఉర్దూలో ఆసరా. చూడ్డానికి సింగారం, చేసే పని కూలి పని. బరువులో కొంత జుట్టు మీదికి లాగుతుంది. మన మాటీలు చేసేదీ అదే. పెళ్లిలో ఫొటోల కోసం మాటీలు వదులుగా, వంపు తిరిగి వేలాడేలా కట్టుకుంటున్నారు. వదులుగా ఉన్న మాటీ దండగ. కొద్దిగా బిగువుగా, చెవి పైన జుట్టులో పిన్నుకు తగిలిస్తేనే బరువు మోస్తుంది.

రంధ్రం ఇప్పటికే సాగినవాళ్లకు, తమ్మె వెనక అంటించుకునే పారదర్శకమైన చిన్న స్టిక్కర్లు దొరుకుతాయి. ఒక పూటకు పనికొస్తాయి. తమ్మె పూర్తిగా తెగితే మాత్రం డాక్టర్ దగ్గర చిన్న కుట్టుతో సరిచేయించుకోవచ్చు. మళ్లీ చెవి కుట్టేటప్పుడు ఆ కుట్టు గీత మీద కాకుండా కాస్త పక్కన కుట్టించుకోవాలి.

(తెర మీద: బిల్లు కాగితం, పక్కన త్రాసు.)

డబ్బు లెక్క. రాళ్ల కమ్మల్లో మోసపోయేది తూకం దగ్గర. కమ్మల మొత్తం తూకం 9 గ్రాములు, అందులో రాళ్లు 2 గ్రాములు అనుకోండి. బంగారం ధర కట్టాల్సింది 7 గ్రాములకే. బిల్లు మీద రెండు తూకాలూ విడివిడిగా రాయించుకోండి. వెనక మూసి ఉండే పచ్చి పని, కుందన్ పని కమ్మల్లో లోపల లక్క కూడా ఉంటుంది, దాన్నీ అడగండి. తరుగు, మజూరీ ఎంత శాతమో ముందే మాట్లాడుకోండి, బంగారంతో కలిపి మొత్తం పైన జీఎస్టీ 3 శాతం.

హాల్‌మార్క్ ఉంటే మూడు గుర్తులు కనిపించాలి. బీఐఎస్ అనే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ముద్ర, 22కె916 లాంటి నాణ్యత అంకె, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే నగ గుర్తింపు కోడ్. ఆ ఆరూ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ వివరం వస్తుంది. ఒక్క మెలిక ఉంది. 2 గ్రాముల కన్నా తక్కువ బరువున్న నగకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. చంటిపిల్లల చిన్న పువ్వు కమ్మలు చాలావరకు ఇందులోకే వస్తాయి. అక్కడ మీకు ఆధారం బిల్లే, పారేయకండి.

(తెర మీద: చీర, చుడీదార్, హెల్మెట్.)

గుండ్రటి మొహానికి ఇలాంటివి, కోల మొహానికి అలాంటివి అని చాలామంది చెబుతారు. నాకు ఆ లెక్కల మీద నమ్మకం లేదు. మొహం కన్నా తమ్మె ముఖ్యం. తమ్మె చిన్నదైతే చిటికెన వేలి గోరంత పువ్వు సరిపోతుంది, పెద్దది పెడితే చెవి మాయమై పువ్వు చెంపకు అతికించినట్టు ఉంటుంది. తలలో మల్లెలు నిండుగా పెట్టుకున్న రోజు చెవికి చిన్న పువ్వు చాలు. జుట్టు కొప్పు పెట్టి పూలు లేని రోజు పెద్దది పెట్టండి. బతుకమ్మ ఆడేటప్పుడు మాత్రం ఈ నియమం నేనే పాటించను, ఆ తొమ్మిది రోజులూ పువ్వు ఎక్కడ ఎక్కువైనా అందమే.

రేకుల కొసలు ఒకసారి చున్నీ మీద రాసి చూడండి. దారం పట్టుకుంటే అది రోజువారీ కమ్మ కాదు. బండి నడిపేవాళ్లు హెల్మెట్ పెట్టుకునేముందు పెద్ద పువ్వులు తీసి డబ్బాలో వేసుకోండి. హెల్మెట్ లాగేటప్పుడు కాడ వంగుతుంది, తమ్మె చీరుతుంది.

లాడ్ బజార్లోనో, కోఠిలోనో కొన్న ఫ్యాన్సీ కమ్మలకు చెవి దురద పెట్టి, నీరు కారితే చాలాసార్లు కారణం అందులోని నికెల్. పువ్వు నచ్చితే పారేయక్కర్లేదు, కాడ మాత్రం బంగారానిదో టైటానియందో వేయించుకోవచ్చు.

కడగడం సంగతి. వెనక తెరిచి ఉన్న రాళ్ల కమ్మల్ని గోరువెచ్చని కుంకుడు రసంలో కాసేపు ఉంచి, మెత్తటి బ్రష్‌తో తోమండి. వెనక మూసి ఉన్నవాటిని, అంటే పచ్చి, కుందన్ పనివాటిని, నీళ్లలో ముంచొద్దు. రాయి కింద మెరుపు కోసం పెట్టిన రేకు నల్లబడుతుంది, ఆ మెరుపు మళ్లీ రాదు. ముత్యాలున్నవి సెంటు, స్ప్రే అన్నీ అయ్యాకే చివర్లో పెట్టుకోండి.

(తెర మీద: మళ్లీ మొహం. చెవులకు కొత్త ఏడు రాళ్ల కమ్మలు.)

ఇవి కొత్తవి. లావు కాడ, వెడల్పు సీల, అవుసులాయన చేత్తోనే. ఇవి చూసి మా అత్తగారు "ఈ దుద్దులైనా ఇంటికి తిరిగొస్తాయా అమ్మాయ్?" అన్నారు. ఇప్పటిదాకా వస్తున్నాయండీ.

సరే, మీ చెవులకు ఇప్పుడు కమ్మలున్నాయా? ఒక చెయ్యి వెనక్కి పెట్టి సీల పట్టుకోండి. బిగిసే వైపు తిప్పండి. తిరిగిందా? అయితే వీడియో ఆపి, ముందు రెండో చెవిదీ చూసుకోండి.