తెల్ల బూడిదలో నల్ల చుక్కలు

అందరికీ నమస్కారం.

బూడిద తెగులు అనగానే ఏ మందు కొట్టాలన్నదే ముందు అడుగుతాం. ఇవాళ మందుల జోలికి పోను. తెగులు పట్టిన మొక్క ఒక్కదాన్నైనా, ఆకు రాలేదాకా వదలకుండా చూడమని అడగడానికే వచ్చాను.

వసంతంలో లేత ఆకు మీద చిన్న తెల్ల మచ్చ పడుతుంది. ఈ తెగులు తెచ్చే శిలీంధ్రాల్లో చాలావరకు ఆకు పైనే పాకుతాయి. పైపొర కణాల్లోకి మాత్రం హాస్టోరియాలు అనే వేర్లలాంటి పీల్చే భాగాలు దించి ఆహారం లాక్కుంటాయి. వీటికి బతికున్న కణమే కావాలి, కాబట్టి ఆకును చంపే తొందర ఉండదు. వేసవికల్లా ఆకంతా పిండి చల్లినట్టు అవుతుంది. ఆ పొడే కొనిడియా, అంటే తెగులును వ్యాపింపజేసే బీజాలు. సెల్లోటేప్‌ అద్ది తీసి మైక్రోస్కోప్ కింద పెడితే స్పష్టంగా కనబడతాయి. వాటిలోనే నీరు ఎక్కువ, మొలకెత్తడానికి ఆకు తడిసి ఉండక్కర్లేదు. అందుకే వాన లేని రోజుల్లోనూ తెగులు పాకుతుంది, జోరువాన పడితే తగ్గుతుంది.

చాలామంది ఇక్కడ ఫోటో తీసుకుని ఆపేస్తారు. నాకు అదే బాధ. ఈ దశలో చాలా జాతులు ఒకేలా ఉంటాయి. అసలు ఆనవాళ్లు శరదృతువులో బయటపడతాయి. తెలుపు మధ్య పసుపు చుక్కలు పుట్టి, గోధుమరంగుకు తిరిగి, చివరికి నల్లబడతాయి. ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతు ఉంటుందేమో, మామూలు భూతద్దానికే దొరుకుతుంది. వీటిని కాస్మోథీసియా అంటారు, శిలీంధ్రం తన బీజాలను దాచుకునే చిన్న గుండ్లివి. ఏ రకమో తెలియాలంటే వీటి చుట్టూ ఉండే పోగులను మైక్రోస్కోప్ కింద చూడండి. పోడోస్ఫెరా అనే ప్రజాతిలోని కొన్ని జాతుల్లో పోగు కొస రెండేసిగా చీలుతూ పోతుంది. ద్రాక్షను పట్టే ఎరిసైఫిలో కొస కొక్కెంలా వంగుతుంది. ఫిల్లాక్టినియాలో గట్టి ముళ్లుంటాయి, మొదట్లో ఉబ్బుగా. అవి కిందికి వంగి, గుండును ఆకు నుంచి పైకి లేపుతాయి! నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

వెచ్చని ప్రాంతాల్లో ఈ గుండ్లు అరుదు, కొనిడియాతోనే ఏడాది గడిచిపోతుంది. అక్కడ మొక్క పేరే పెద్ద ఆధారం, ఎందుకంటే చాలా జాతులు కొన్ని మొక్కలనే పట్టుకుంటాయి. మొక్క పేరు రాయని నమూనా దాదాపు దండగే.

అన్నట్టు, తెల్లపొర మీద చిన్న పసుపు అక్షింతల పురుగు కనబడితే తరిమేయకండి. కొన్ని రకాలు పేనుబంకను కాదు, ఈ శిలీంధ్రాన్నే మేస్తాయి.

ఆకులు రాలాక కూడా పని ఉంది. ఆపిల్‌ను పట్టే జాతి మొగ్గల్లో దాక్కుని చలికాలం గడుపుతుంది. మళ్లీ చిగుళ్లు వచ్చినప్పుడు, పుడుతూనే తెల్లగా ఉన్న రెమ్మ కోసం వెతకండి. నమూనాలను ప్లాస్టిక్ సంచిలో కాక కాగితం కవరులో పెట్టండి, లేకపోతే వేరే బూజు పడుతుంది. ఇక ప్రశ్నలు అడగండి.